కొల్లేటి గట్టుకు గడ్డి పురి

ముప్పై నాలుగో సంవత్సరమో, ముప్పై అయిదో సంవత్సరమో. ఏడాది సరిగ్గా గుర్తులేదు గాని కార్తె గుర్తుంది. మఖ కార్తె, అంటే ఆగస్టు వానలు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మద్రాసులో ఓవర్సీరు పరీక్ష ప్యాసై, ఇరిగేషన్ శాఖలో ఉద్యోగం వచ్చి, ఆకివీడు సెక్షనులో చేరి ఇంకా ఏడాది తిరగలేదు. మా నాన్నగారు ఏలూరు మిషన్ బడిలో మాస్టారు. కొడుక్కి సర్కారు ఉద్యోగం వచ్చిందని ఆయన చర్చిలో అందరికీ చెప్పుకుంటున్న రోజులు. నేను కూడా తక్కువ తినలేదు. సెలవుకు ఇంటికి వెళ్తే తెల్ల డ్రిల్లు ప్యాంటు, బూట్లు వేసుకుని, పనేమీ లేకపోయినా పవరుపేట వీధులన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చేవాణ్ణి.

ఓవర్సీరు అంటే ఏం చేస్తాడని ఇప్పటి పిల్లలు అడుగుతుంటారు. కాలువలు, తూములు, లాకులు, గట్లు చూసుకోవడం మా పని. ఎక్కడ గట్టు కుంగింది, ఎక్కడ తూము తలుపు పట్టేసింది, గేజి మీద నీరు ఎంత ఉంది, ఇవన్నీ చూసి పైవాళ్ళకు రాయాలి. మరమ్మతుకు ఎంత మట్టి, ఎందరు కూలీలు కావాలో లెక్కకట్టి పంపితే దాన్ని ఎస్టిమేటు అంటారు. పై ఆఫీసు సరేనని సంతకం పెడితే శాంక్షన్. ఎస్టిమేటు లేకుండా, శాంక్షన్ రాకుండా తట్టెడు మట్టి కూడా కదిలించకూడదని మొదటి రోజే మాకు నూరిపోశారు.

కొల్లేరు సంగతి ఆ ప్రాంతం వాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతాను. ఎండాకాలం గొడ్లు మేసే నేల వర్షాకాలం వచ్చేసరికి సముద్రంలా అయిపోతుంది. బుడమేరు, తమ్మిలేరు, ఊళ్ళ మురుగు కాలువలు అన్నీ అందులోకే వస్తాయి. వచ్చే దారులు పది, పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరు. అందుకని కొల్లేటి అంచున ఉన్న ఊళ్ళు తమ పొలాల చుట్టూ మట్టిగట్టు పోసుకుని, గట్టుకు అవతల కొల్లేరు, ఇవతల వరి అన్నట్టు బతుకుతుంటాయి. అలాంటి ఊరు ఒకటి మా సెక్షనులో ఉండేది. పందిరిలంక అందాం.

పందిరిలంక గట్టు అంతకు ముందు ఏడు తెగింది. నాట్లు ఊడ్చిన చేలు ఊడ్చినట్టే కుళ్ళిపోయాయి. ఈసారి విత్తనాలు ఆ ఊరివాళ్ళు అత్తిలి చుట్టాల దగ్గరనుంచి తెచ్చుకున్నారు. ఈ ఏడూ పోతే ఇక ఊరు ఖాళీచేసి, పిల్లాజెల్లాతో పైఊళ్ళకు కూలికి పోవడమేనని అందరూ అనుకుంటున్నారు. ఈ సంగతి నాకు తెలుసు. మా గేజి రిజిస్టరులో కొల్లేటి మట్టం రోజూ పెరుగుతోందనీ తెలుసు. తెలియడంలో మనకెప్పుడూ లోటు లేదు.

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. మద్రాసులో విన్న పాఠాలన్నీ అందులో ఎర్రసిరా, నల్లసిరా వేసి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను. గట్ల గురించిన పాఠం నలభై పేజీలు. బొమ్మలకు రంగులు కూడా వేశాను. సంచిలో అది లేకుండా గుమ్మం దాటేవాణ్ణి కాదు. దాన్ని తెరవాల్సిన అవసరం కూడా వచ్చేది కాదు, అంతా కంఠతా వచ్చు.

ఆ రోజు పొద్దున్నే మా లస్కరు అప్పన్న దోనె కట్టాడు. లస్కరు అంటే గట్ల మీదా లాకుల దగ్గరా కాపలా తిరిగే మా శాఖ మనిషి. అప్పన్నకు యాభై దాటాయి. అక్షరం రాదు. నా ముందు అయిదుగురు ఓవర్సీర్లను చూశాడు. పందిరిలంక చేరేసరికి గట్టు మీద ఊరంతా నిలబడి ఉంది. కొల్లేటి నీరు గట్టు పైఅంచుకు మూరెడు కిందగా ఉంది. గాలి వీస్తే అల వచ్చి గట్టును తట్టి పోతోంది.

ఊరి పెద్ద పేరయ్యగారు ఎదురొచ్చారు. అరవయ్యేళ్ళ మనిషి, మాట నెమ్మది.

"రండి ఓవర్సీరుగారూ. గట్టు మీద రాత్రుళ్ళు కూడా మనిషిని ఉంచుతున్నామండి. ఇంకో జానెడు మట్టి వేసి ఎత్తు చేద్దామా అని చూస్తున్నాం. తమరొకసారి చూసి చెప్పండి."

నేను గట్టు వెంట నడిచాను. పైన ఎక్కడా బీట లేదు. బాగుందని చెప్పబోతుంటే వెనకనుంచి ఒకావిడ గొంతు వినపడింది.

"పైన కాదండీ, కింద చూడాలండీ."

పేరయ్యగారి కోడలు, సీతమ్మగారు. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. చేతిలో కొడవలి, నెత్తిన గడ్డిమోపు. మామగారు కొంచెం ఇబ్బంది పడ్డారు.

"నిన్నటి నుంచి ఇదే మాట అంటోందండి. గట్టన్నాక కాస్త చెమ్మ రాదా? ఊరుకోమన్నాను."

"చెమ్మ కాదండీ," అంది ఆవిడ నాతోనే. "చేలో ఊట వస్తోందండీ. మొన్న గడ్డి కోస్తుంటే చూశాను, తేటగా ఉంది. నిన్న కాస్త మసకేసింది. ఇవాళ మట్టి తెస్తోందండీ."

గట్టు దిగి వెళ్ళి చూశాను. గట్టు పాదానికి పది బారల దూరంలో, వరిచేను మధ్య, కొబ్బరికాయంత వెడల్పున నీరు కుతకుతమని పైకి వస్తోంది. చుట్టూ బూడిదరంగు ఇసుక, చిన్న చిన్న గుల్లలు పేరుకుని చీమలపుట్టలా లేచి ఉంది. దాన్ని చూడగానే భయపడాల్సింది. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషం వేసింది. నా నోటుబుక్కులో రంగులు వేసిన బొమ్మ అచ్చంగా నా కళ్ళ ముందు ఉంది మరి.

కర్ర పుచ్చుకుని బురదలో గీతలు గీసి ఊరందరికీ పాఠం చెప్పాను. "దీన్ని బాయిల్ అంటారు. అవతల నీరు ఎత్తున ఉంది, ఇవతల నేల పల్లం. ఆ ఎత్తు తేడాని హెడ్ అంటారు. పైన బంకమట్టి ఉన్నా అడుగున ఎక్కడో ఇసుకపొర ఉంది. హెడ్ తోసే తోపుకు నీరు ఆ పొరలోంచి దూరి ఇక్కడ పైకి పొడుచుకొస్తోంది. తేటనీరు వచ్చినంతసేపు ఫరవాలేదు. మట్టి తెస్తోందంటే కింద దారి పెద్దదవుతోందన్నమాట. అలా తవ్వుకుంటూ పోతే గట్టు కిందనుంచి బోలై ఒక్కసారిగా కూలుతుంది."

అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. సీతమ్మగారు గడ్డిమోపు కిందికి దించింది.

"అయితే మీకు అంతా తెలుసన్నమాట. మరి ఏం చేద్దామండీ?"

"నేను వెంటనే ఆకివీడు వెళ్ళి రిపోర్టు రాస్తాను. ఎస్టిమేటు కూడా జతచేసి ఏలూరు పైఆఫీసుకు పంపిస్తాను," అన్నాను.

సీతమ్మగారు గడ్డిమోపు మళ్ళీ నెత్తికెత్తుకుంది. నేను దోనె ఎక్కాను. ఆవిడ ముఖం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. కోపం లేదు, ఎగతాళీ లేదు. వైద్యుడు వచ్చి రోగం పేరు చెప్పి మందివ్వకుండా లేచిపోతే ఇంట్లోవాళ్ళు చూసే చూపు అది.

దోనె ఊరికి కొంత దూరం వచ్చింది. కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య అప్పన్న గెడకర్ర వేస్తూ వేస్తూ అడిగాడు.

"బాబుగారూ, ఒక మాట అడగొచ్చాండి?"

"చెప్పు అప్పన్నా."

"మీ కాయితం ఏలూరు ఎల్లి రావడానికి ఎన్నాళ్ళు పడుద్దండి?"

"నాలుగు రోజులు. వారం కూడా పట్టొచ్చు."

"ఈలోగా ఊరోళ్ళు చేతులు ముడుచుకుని కూకోరు కదండి. తెలిసినోరు ఎల్లిపోతే తెలీనోళ్ళు ఆళ్ళకి తోచింది చేత్తారు. ఆ కన్నంలో గడ్డి కుక్కుతారండి. కుక్కితే ఏమవుద్దండి?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది, పూర్తి మార్కులు వేశారు. "పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది. ముందుకన్నా పెద్దగా వస్తుంది," అన్నాను.

"ఆయ్. తమరు చెప్తే అంతేనండి," అన్నాడు. దోనె తిప్పమంటారా అని అడగలేదు. గెడ మాత్రం నీళ్ళలోంచి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. దోనె ఆగిపోయింది.

ఆ కాసేపట్లో నా బుర్రలో ఏమేం తిరిగాయో అన్నీ రాస్తే నా పరువే పోతుంది. శాంక్షన్ లేకుండా పని చేయిస్తే ఉద్యోగం ఊడుతుందేమో అన్నది మొదటిది. చేయించాక గట్టు తెగితే నా మూలానే తెగిందంటారేమో అన్నది రెండోది. రెండూ పైపై కారణాలు. అసలు కారణం వేరు. నేను అంతవరకు ఒక్క బాయిల్ చుట్టూ కూడా కట్ట కట్టలేదు. కట్టగా చూడలేదు కూడా. రిపోర్టు రాసినంతకాలం నేను అంతా తెలిసినవాణ్ణి. చెయ్యి పెడితే ఏమీ తెలియనివాణ్ణని బయటపడుతుంది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్నట్టు, ఆ నలభై పేజీలూ నా సంచిలో ఉన్నాయి, నాకే పనికి రావడం లేదు.

"తిప్పు అప్పన్నా," అన్నాను.

మేము తిరిగి వెళ్ళేసరికి అప్పన్న చెప్పిందంతా జరిగింది. నలుగురు మనుషులు కన్నంలో గడ్డికట్టలు కుక్కి, పైన బంకమట్టి వేసి, భుజాలు పట్టుకుని తొక్కుతున్నారు. ఊట ఆగిపోయింది. గట్టు మీద అందరి ముఖాల్లో వెలుగు. పేరయ్యగారు నన్ను చూసి నవ్వారు.

"తమరు మళ్ళీ శ్రమ పడ్డారు. ఆగిపోయిందండి."

"తీసెయ్యండి. ఆ గడ్డీ మట్టీ తీసెయ్యాలి," అన్నాను.

ఆయన నవ్వు ఆగింది. "ఆగిన నీటిని మళ్ళీ వదలమంటారా బాబుగారూ?"

"ఆగలేదండీ. దారి మళ్ళింది. ఇంకోచోట లేస్తుంది."

నమ్మలేదు. నమ్మమనడానికి నా మొహాన ఏముంది? ఇంతకు ముందే చేతులు దులుపుకుని పోయినవాణ్ణి. ఒకాయన గొణిగాడు, "కాయితం రాసుకునేవారికి మట్టి సంగతి ఏం తెలుస్తుందండీ." ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే చేలో దిగిన సీతమ్మగారు కేక పెట్టింది.

రెండో ఊట లేచింది. ఈసారి గట్టు పాదానికి రెండే బారల దూరం. బిందె మూతంత వెడల్పు. నీరు నల్లగా ఎగజిమ్ముతోంది. చూస్తుండగానే దాని పైన గట్టు వాలు చాపంత మేర జారి కిందికి వచ్చింది. ఆడవాళ్ళు పిల్లల్ని పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. పేరయ్యగారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"చెప్పండి బాబూ. ఏం చెయ్యమంటే అది చేస్తాం."

మొదట కుక్కిన గడ్డిని పీకించాను. పాత కన్నం మళ్ళీ పారడంతో కొత్తదాని జోరు కాస్త తగ్గింది. "ఇప్పుడు దీని చుట్టూ గోడ కట్టాలి. రింగుబండ్ అంటారు. ఊటను మూయకూడదు. చుట్టూ గోడ లేపితే లోపల నీరు ఎత్తుగా నిలుస్తుంది. ఆ నీటి బరువే కిందనుంచి వచ్చే తోపును అణుస్తుంది. నీటిని ఆపకూడదు, మట్టిని ఆపాలి." ఇంతవరకు ధారాళంగా చెప్పాను. "గోనెసంచుల్లో ఇసుక నింపి..." అంటూ ఆగిపోయాను.

పందిరిలంకలో ఇసుక లేదు. గోనెసంచులు ఊరంతా వెతికితే పది దొరికాయి. తాడేపల్లిగూడెం మిల్లుల్లో కావలసినన్ని ఉంటాయి. మనిషిని పంపితే రెండు రోజులు. గట్టు రెండు గంటలు ఆగేలా లేదు. నోటుబుక్కులో సంచులతో కట్టాలని ఉంది గాని, సంచులు లేకపోతే ఏం చెయ్యాలో లేదు. ప్రభువా, ఇప్పుడేం చెప్పను అనుకున్నాను. అందరూ నా నోటివంక చూస్తున్నారు.

"గోడ ఎలా ఉండాలండీ?" అని అడిగింది సీతమ్మగారు.

"గుండ్రంగా. నడుమెత్తు. నీరు బయటికి కారకుండా."

"గుండ్రంగా అంటే, పురి లాగానా అండీ?"

పురి అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. మా వైపు ధాన్యం నిలవ చేసుకోవడానికి గడ్డితో తొడంత లావున తాడు పేనుతారు. దాన్ని వెంటి అంటారు. ఆ వెంటిని నేలమీద గుండ్రంగా చుట్టుకుంటూ, వరస మీద వరస వేసుకుంటూ, లోపల ధాన్యం పోసుకుంటూ పైకి లేపుతారు. గోడా అదే, గాదే అదే. సీతమ్మగారి పుట్టిల్లు అత్తిలి. ఆవిడ తండ్రి పురి చుట్టడంలో చుట్టుపక్కల పేరున్నవాడట. మగపిల్లలు లేక, పెళ్ళయ్యేదాకా తండ్రికి వెంటి అందించింది ఈవిడే.

"ధాన్యం బదులు నీళ్ళండీ, అంతే తేడా," అంది. "రెండు పురులు ఒకదానిలో ఒకటి చుట్టి, మధ్యలో బంకమట్టి కూరితే కారదు కదండీ?"

నేను ఆ రోజుదాకా చదివిన చదువులో అంత తేలికగా నాకు అర్థమైన మాట ఇంకోటి లేదు. "కారదమ్మా. అదే కడదాం," అన్నాను.

గడ్డి కావాలి. కొంచెం కాదు. ఇళ్ళ వెనక గడ్డిమేట్లు ఉన్నాయి, నిరుడు చేలు పోయాక పైఊళ్ళలో కొని తెచ్చుకున్న గడ్డి, అవి గొడ్లకు వర్షాకాలపు మేత. పేరయ్యగారి మేటు అన్నిటికన్నా పెద్దది. ఆయన వెనకాడారు. "గడ్డి అంతా ఇందులో పోస్తే గొడ్లేం తింటాయి?" కోడలు తల దించుకునే జవాబు చెప్పింది, "చేను పోతే గొడ్లెక్కడుంటాయి మావయ్యగారూ." ఆయన పైపంచె తీసి నడుముకు బిగించి, తానే వెళ్ళి మొదటి మోపు తన మేటులోంచి లాగారు. దాంతో ఎవరి మేటు వాళ్ళు విప్పారు.

నేను బూట్లు విప్పాను. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఊట దగ్గర దిగాను. మోకాళ్ళు దాటి బురద. గట్టు మీద ముసలివాళ్ళు, ఆడవాళ్ళు వెంటి పేనుతున్నారు. సీతమ్మగారు చీర బిగించి చుట్టుకుంటూ వస్తోంది. ఆవిడ వెనక ఇద్దరు మట్టి కూరుతున్నారు. మోకాలెత్తు లేచిందో లేదో ఒకవైపు గోడ నేలలోకి కుంగి, లోపలి నీరు భళ్ళున బయటికి పోయింది.

తప్పు నాది. ఊటకు మరీ దగ్గరగా గీత గీశాను. నా బొమ్మలో వలయం ముచ్చటగా చిన్నదిగా ఉంది. ఊట చుట్టూ నేల మెత్తబడి ఉంటుందని, ఆ బొమ్మ వేసిన చేతికి బురద అంటితే గదా తెలిసేది. కూలిన గోడను నేను చేతులతో ఎత్తబోతుంటే, అప్పన్న గెడ తెచ్చి నేలలో పొడుచుకుంటూ చుట్టూ తిరిగాడు. "ఇక్కడ దిగిపోతందండి. ఇక్కడా అంతే. ఇదుగోండి బాబుగారూ, ఇక్కడ గట్టిగా తగులుతోంది." అతను గుర్తుపెట్టిన చోట్లు కలుపుకుంటూ రెండింతల వెడల్పున కొత్త గీత గీశాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు చేసినవాడు పారిపోకుండా అక్కడే ఉంటే మన ఊళ్ళవాళ్ళు క్షమిస్తారని ఆ రోజు తెలిసింది.

మళ్ళీ మొదటినుంచి చుట్టడం. ఎవరో గంజి తెచ్చి ఇస్తే మట్టి చేతులతోనే తాగాం. ఎండ వాలేసరికి పురి నడుమెత్తు లేచింది. లోపల నీరు నిండింది. కుతకుత తగ్గి, నీటి మీద చిన్న చిన్న సుళ్ళు మాత్రం తిరుగుతున్నాయి. కుర్రకారు ఉత్సాహంగా అరిచారు, "ఇంకో మూర లేపి పైన మూసేద్దామండి!" ఈసారి నేను కదల్లేదు. "మూయకూడదు. పోయే దారి ఉండాలి," అన్నాను. పాత తాటిదోనె ముక్క ఒకటి పురి పైఅంచున తొట్టిలా పెట్టించాను. నీరు దానిలోంచి సన్నగా బయటి బోదె కాలువలోకి పారింది.

ఇక చూడవలసింది ఒక్కటే. ఆ పారే నీటిలో మట్టి ఉందా, లేదా.

సీతమ్మగారు ఇంటికెళ్ళి ఇత్తడి చెంబు తెచ్చింది. పాతది, అడుగున చిల్లిపడితే మాటు వేయించినది. తాటితొట్టి కింద పట్టింది. అందరం వంగి చూశాం. మురికి. మాటు కనపడలేదు. పారబోసింది. కాసేపాగి మళ్ళీ పట్టింది. మళ్ళీ మురికే. పేరయ్యగారు గట్టు వాలున కూర్చుని రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నారు. నాలుగోసారో అయిదోసారో ఆవిడ చెంబును వెలుతురు వైపు వంచి లోపలికి చూసింది.

"మాటు కనిపిస్తోందండీ," అంది.

చెంబు చేతులు మారింది. ఒకరి తరవాత ఒకరు లోపలికి చూసుకున్నారు. తేటనీరు, అడుగున నల్లటి మాటు. పేరయ్యగారి వంతు వచ్చినప్పుడు ఆయన చూడలేకపోయారు, కళ్ళనిండా నీళ్ళు. చెంబు పట్టుకునే కోడలి తల మీద చెయ్యి పెట్టారు. నేనూ ఏడ్చాను. దాచుకోవడానికి ముఖం కడుక్కుంటున్నట్టు నటించాను గాని అప్పన్న చూడనే చూశాడు.

మొదటి ఊట చుట్టూ కూడా మర్నాడు పొద్దున్నే పురి చుట్టారు. అవతల నీరు పదకొండు రోజులు నిలిచింది. ఆ పదకొండు రోజులూ నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను. రెండు పురులూ రోజుకింత కుంగేవి, రోజుకింత పైన చుట్టేవాళ్ళం. ఆ సాయంత్రమే మనిషిని పంపితే, మూడో రోజున తాడేపల్లిగూడెం నుంచి గోనెసంచులు వచ్చాయి. వాటిలో మట్టి నింపి జారిన వాలుకు ఊతం పెట్టాం. గట్టు నిలిచింది. ఆ ఏడు పందిరిలంక వరి కోసింది.

ఆ ఊళ్ళోంచే రాసి పంపిన నా ఎస్టిమేటుకు శాంక్షన్ కూడా వచ్చింది. నేనేం అబద్ధం ఆడటం లేదు, కోతలు జరుగుతుండగా వచ్చింది.

కోతలప్పుడు ఊరికి వెళ్ళాను. సీతమ్మగారికి కృతజ్ఞత చెప్పుకోవాలని వెళ్ళాను. "మీరు లేకపోతే నాకు ఏం తోచేది కాదమ్మా," అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. "నేనేం చేశానండీ! మీకు తెలుసన్నారు, ఏం చేద్దామని అడిగాను. అంతేగా." వచ్చేటప్పుడు ఆ మాటు చెంబు నా చేతిలో పెట్టింది. "మీకు గట్ల దగ్గర పనికొస్తుందండీ." పనికొచ్చింది. నా సర్వీసంతా అది నా సంచిలో ఉంది. ఎన్ని గట్ల దగ్గర, ఎన్ని ఊటల నీరు దానిలో పట్టి చూశానో లెక్కలేదు. ఏ ఊరు వెళ్ళినా గట్టు పైన నడిచే ముందు కింద గడ్డి కోసుకునేవాళ్ళ దగ్గరకు వెళ్ళి, "నిన్నెలా ఉందమ్మా, ఇవాళ ఎలా ఉంది?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్లన్నీ ఈ రెండు అలవాట్ల చలవే. నోటుబుక్కును నేను తక్కువ చెయ్యను. బాయిల్ మూయకూడదని నాకు చెప్పింది అదే. కాని తెలిసిన మాట చేతిలోకి దిగాలంటే, "మరి ఏం చేద్దామండీ?" అని ఎదురుగా నిలబడి అడిగే మనిషి ఒకరు కావాలి. గెడ ఎత్తి పట్టుకుని ఆగే మనిషి ఇంకొకరు కావాలి. నాకు ఇద్దరూ ఒక్కరోజే దొరికారు. అంతకన్నా అదృష్టం ఏముంటుంది?

ఒక్క బాకీ మిగిలిపోయింది. ఆ వరద తరవాత ఏలూరు ఆఫీసుకు వివరంగా రిపోర్టు రాశాను. "స్థానికంగా దొరికిన సామగ్రితో రింగుబండ్ కట్టించాను" అని రాశాను. గడ్డి పేరు ఉంది, మట్టి కొలత ఉంది, నా సంతకం ఉంది. ఆవిడ పేరు లేదు. అప్పన్న పేరూ లేదు. అప్పటి మా పైఆఫీసరుగారు మెచ్చుకుని, మార్జిన్‌లో ఒక ప్రశ్న రాసి తిప్పి పంపారు: "ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారు?" నేను "పుస్తకంలో ఉన్న సూత్రమే" అని జవాబు రాసి ఊరుకున్నాను. అదీ అబద్ధం కాదు, అందుకే ఇన్నాళ్ళూ గుచ్చుకుంటోంది.

ఆ ఆఫీసరుగారు ఇప్పుడు లేరు. అప్పన్న లేడు. ఆ ఫైలు ఏ చెదపురుగులకు ఆహారమైందో తెలియదు. అయినా అడిగినదానికి జవాబు చెప్పడం నా విధి.

అయ్యా, ఆ పద్ధతి నేను పందిరిలంకలో సీతమ్మగారి దగ్గర నేర్చుకున్నానండి.